చెలగాటంతో ఎలుకల వేట వస్తుందా?

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవగానే తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఎలుకల సందడి పెరుగుతుంది. పొలంలో బొరియలోకి, ఊళ్లో మురుగు కాలువలోకి నీరు చేరితే వాటికి పొడిగా ఉండే చోటు కావాలి. వేరుశనగ మూట, బియ్యం బస్తా, బెల్లం దిమ్మ ఉన్న ఇల్లు దొరికితే ఇక వెతుక్కోవలసిన పని లేదు. ఇంటివాళ్ల చూపు పెంపుడు పిల్లి మీద పడేది అప్పుడే. అది మాత్రం సోఫా మీద ముడుచుకుని ఉంటుంది. దాని కళ్లముందే చిట్టెలుక గోడవారగా పరుగెత్తి గ్యాస్ సిలిండర్ వెనక్కి దూరుతుంది. పిల్లి ఒక చెవి అటు తిప్పి మళ్లీ కళ్లు మూసుకుంటుంది.

దీనికి రెండు మందులు చెబుతారు. రెండు రోజులు తిండి మాన్పిస్తే తానే పడుతుందనేది పాతకాలపు మందు. దారానికి బొమ్మ కట్టి ఆడిస్తే వేట వస్తుందనేది ఫోన్లలో వీడియోలు చూసి పట్టుకున్న కొత్త మందు. మొదటిది తప్పు. రెండోది సగమే నిజం. ఎందుకంటే ఆట వేటను పదును పెట్టగలదు, మొద్దుబార్చనూ గలదు.

క్లుప్తంగా

వేటలోని కదలికలు పిల్లికి పుట్టుకతోనే వస్తాయి. ఎలుకను వేటాడాలని చూపించేది తల్లి, మొదటి రెండు నెలల అనుభవం. మనిషి ఆడించే ఆట గురిని, ఓపికను సానపెడుతుంది గానీ కొత్తగా వేటగాడిని తయారు చేయదు. రోజూ తృప్తిగా ఆడిన పెద్ద పిల్లికి వేట మీద యావ కొంత తగ్గుతుంది కూడా. పిల్లికి బాగా లొంగేది చిట్టెలుక, పందికొక్కు కాదు. ఎలుకల మందు పెట్టిన వీధిలో పిల్లిని వేటకు వదిలితే ముప్పు పిల్లికే.

కదలిక పుట్టుకతో, గురి పెంపకంతో

పిల్లిని ఎలుకల కోసం మనిషి ప్రత్యేకంగా తయారు చేసుకోలేదు. పశ్చిమాసియాలో వ్యవసాయం మొదలై ధాన్యం నిల్వలు పెరిగినప్పుడు వాటి కోసం ఎలుకలు, ఎలుకల కోసం అడవి పిల్లులు ఊళ్లలోకి వచ్చాయి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి ఎముకలు దొరికాయి. గొర్రెల కాపరి కుక్కను, వేట కుక్కను తరతరాలుగా ఏరి పెంచినట్టు ఎవరూ పిల్లిని పెంచలేదు. చేస్తున్న పని అప్పటికే వచ్చు కాబట్టి దాన్ని ఉండనిచ్చారు, అంతే.

కానీ పని వచ్చినంత మాత్రాన ప్రతి పిల్లీ ఆ పని చేయదు. చైనా మనస్తత్వ శాస్త్రవేత్త జింగ్ యాంగ్ కువో 1930లో ప్రచురించిన ప్రయోగం ఇప్పటికీ ఈ చర్చకు పునాది. ఎలుకలను చంపే తల్లుల దగ్గర పెరిగిన 21 కూనల్లో 18 తామూ చంపాయి. ఒంటరిగా పెరిగిన 20 కూనల్లో చంపినవి 9. ఎలుకలతో ఒకే గూట్లో కలిసి పెరిగిన 18లో కేవలం 3. అవి కూడా తమతో పెరిగిన రకం ఎలుక జోలికి పోలేదు. ఒంటరిగా పెరిగినా దాదాపు సగం చంపాయంటే వేట రక్తంలో ఉందన్నమాట. కలిసి పెరిగితే దాదాపు అన్నీ మానేశాయంటే ఆ రక్తం దేన్ని చూసి ఉడకాలో పెంపకం నిర్ణయిస్తుందన్నమాట.

తల్లి పాఠం చెప్పే తీరు చూడదగ్గది. కూనలకు నాలుగు వారాలు వచ్చేసరికి చచ్చిన ఎలుకను తెచ్చి వాటి ముందే తింటుంది. తర్వాత తెచ్చి తినకుండా వదిలేస్తుంది. ఇంకొన్ని రోజులకు కొన ఊపిరితో ఉన్నదాన్ని తెస్తుంది, తప్పించుకోబోతే తానే పట్టి మళ్లీ కూనల మధ్య పడేస్తుంది. పంజాతో ఎలా కొట్టాలో, ఎక్కడ కరవాలో అది చూపించదు. అవకాశం మాత్రం మెట్టు మెట్టుగా కల్పిస్తుంది. టిమ్ కారో అనే పరిశోధకుడు 1980లో ప్రచురించిన పరిశీలనలోనూ బొమ్మలతో ఆడిన అనుభవం కన్నా, చిన్నప్పుడు ఎలుకలతో కలిగిన పరిచయమే పెద్దయ్యాక వేట మీద ఎక్కువ ప్రభావం చూపింది.

ఎలుకలు పట్టే పిల్లి కావాలనుకునే ఇంటికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. ఏ కూనను తెచ్చుకుంటున్నారన్నది తర్వాత ఆడించే ఆటకన్నా ముఖ్యం. బియ్యం మిల్లులోనో, బెల్లం గానుగ దగ్గరో, పల్లెలో ధాన్యం గది ఉన్న ఇంట్లోనో ఎలుకలు పట్టే తల్లికి పుట్టి, దాని దగ్గర కనీసం ఎనిమిది వారాలు ఉన్న కూనకు సగం చదువు అయిపోయినట్టే. నాలుగో వారంలోనే విడదీసి అట్టపెట్టెలో పెట్టి అమ్మే కూనకు ఆ బడి మొదటి రోజే మూతపడింది. ఇక ముఖం బల్లపరుపుగా ఉండే పర్షియన్ జాతికి దవడ పొట్టి, పళ్ల వరస కూడా తరచూ సరిగా ఉండదు. దాని నుంచి ఎలుకల వేట ఆశించడం ఆ పిల్లికి అన్యాయం.

ఆకలి వేరు, వేట వేరు

కడుపు మాడిస్తే ఎలుకను పడుతుందన్న నమ్మకం వెనుక ఒక సహజమైన పొరపాటు ఉంది. మనం ఆకలేసినప్పుడు వంటింట్లోకి వెళతాం కాబట్టి పిల్లి కూడా ఆకలేసినప్పుడే వేటకు వెళుతుందని అనుకుంటాం. లెక్క అలా కుదరదు. ఒక చిట్టెలుకలో ఉండే శక్తి సుమారు 30 కిలోకేలరీలు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200కు పైగా కావాలి. అంటే రోజుకు ఏడెనిమిది ఎలుకలు, దూకిన ప్రతిసారీ దొరకవు కనుక అంతకు ఎన్నో రెట్ల ప్రయత్నాలు. ఆకలయ్యేదాకా ఆగి అప్పుడు మాటు వేసే జంతువు ఎక్కువ కాలం బతకలేదు. అందుకే పిల్లిలో వేట కోరికకూ ఆకలికీ తాళాలు వేరు. రాబర్ట్ ఆడమెక్ అనే పరిశోధకుడు 1976లో ప్రచురించిన ప్రయోగంలో ఇష్టమైన తిండి తింటున్న పిల్లులు, ఎలుక కనబడగానే తిండి వదిలి వెళ్లి దాన్ని చంపి, తిరిగి వచ్చి గిన్నెలోదే తిన్నాయి.

ఆకలి ఆ తలుపును కాస్త వెడల్పు చేయగలదు, తాళం మాత్రం తీయలేదు. పైగా ఎలుక అంటే ఏమిటో ఎరుగని పిల్లిని పస్తు పెడితే అది పక్కింటి పాలగిన్నెను వెతుక్కుంటుంది. రెండు మూడు రోజులు పూర్తిగా తిండి లేకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకునే ప్రాణాంతక జబ్బు వచ్చే అవకాశం ఉంది.

తిండి ఎంత పెట్టామన్నదానికన్నా ఏం పెట్టామన్నది వేటను ఎక్కువగా మారుస్తుంది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో 219 ఇళ్లలోని 355 పిల్లులను 12 వారాలు గమనించారు. మాంసం ప్రొటీన్ ఎక్కువగా, ధాన్యం లేకుండా ఉన్న ఆహారం పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. తిరుపతిలో శాకాహారం వండుకునే ఇళ్లు తక్కువేమీ కాదు. అక్కడ పిల్లికి దక్కేది పెరుగన్నం, పాలన్నం. పిల్లి శరీరానికి టారిన్ అనే పదార్థం మాంసం నుంచే అందాలి. అది కొరవడితే కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. పాతకాలపు ఇళ్లలో పెరుగన్నం తిన్న పిల్లులు ఎలుకల మీద అంత పట్టుదల చూపించడానికి ఈ వెలితి కూడా ఒక కారణమై ఉండవచ్చు. ఇది ఊహే. అయితే ఎలుకలు పడుతుంది కదా అని పిల్లికి పెరుగన్నమే చాలనుకోవడం, ఎలుకలు లేని మూడో అంతస్తు ఫ్లాట్‌లో దాన్ని కొంచెం కొంచెంగా గుడ్డిదాన్ని చేయడమే.

సామెతలోని చెలగాటం

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఈ సామెత పిల్లికి క్రూరత్వాన్ని అంటగట్టింది. పట్టినదాన్ని వదలడం, మళ్లీ పట్టడం, గాల్లోకి ఎగరేయడం చూసినవారికి అలాగే అనిపిస్తుంది. 1979లో మాక్సీన్ బైబెన్ అనే పరిశోధకురాలు ప్రచురించిన పరిశీలన ఆ దృశ్యాన్ని ఇంకోలా చదివింది. ఆకలిగా ఉన్న పిల్లి చిన్న ఎలుకను త్వరగా చంపేస్తుంది. ఆకలి తక్కువై, ఎదురుగా ఉన్న ఎలుక పెద్దదైతే చెలగాటం పెరుగుతుంది. అంటే చంపాలన్న ఊపు ఒకవైపు, కరుస్తుందేమోనన్న భయం ఒకవైపు లాగుతుంటే మధ్యలో పుట్టేదే ఆ ఆట. పంజాతో కొట్టి వెనక్కి దూకడం అంటే ఎలుక పళ్లకు తన ముఖం అందకుండా దాన్ని అలసిపోయేలా చేయడం. సామెతలో ప్రాణసంకటం ఎలుకకే ఉంది గానీ, నిజానికి పిల్లికీ కొంచెం ఉంది.

వేట ఒకే పని కాదు, వరుసగా జరిగే పనుల గొలుసు. చెవి తిప్పడం, చూపు నిలపడం, పొట్ట నేలకు ఆనించి పాకడం, మాటు వేయడం, వెనక కాళ్లు సవరించుకుని దూకడం, ముందు పంజాలతో అదిమిపట్టడం, మెడ వెనుక కరవడం. చివరి కాటు చాలా సున్నితమైన పని. కోరపన్ను రెండు వెన్నుపూసల మధ్య సందులోకి దిగాలి. జర్మనీ శాస్త్రవేత్త పాల్ లేహౌసెన్ పిల్లుల మీద దశాబ్దాలపాటు చేసిన పరిశీలనల్లో, ఆ కాటుకు గుర్తు తల, మొండెం మధ్య ఉండే సన్నని నొక్కు అని తేలింది. ఆటలో పిల్లి సాధన చేసేది ఈ గొలుసునే. ఎక్కువ ఇళ్లలో జరిగేదేమిటంటే, గొలుసులో మొదటి మూడు నాలుగు కొక్కేలే ఆడించి అక్కడితో ఆపేస్తారు.

గుడ్డ ఎలుక

కొనుక్కొచ్చే బొమ్మల అవసరం లేదు. పాత నూలు గుడ్డ పేలిక, గుప్పెడు కొబ్బరి పీచు, రెండు మూరల నారతాడు చాలు. పీచును గుడ్డలో చుట్టి బొటనవేలంత పొడవున కుట్టాలి. మూడో వంతు దగ్గర దారంతో బిగించి కడితే తల, మెడ ఏర్పడతాయి. ఆ నొక్కు లేకపోతే పిల్లి బొమ్మను ఎక్కడపడితే అక్కడ నములుతుంది. ఉంటే కాటు అక్కడికే వెళుతుంది. బరువు చిట్టెలుకంత ఉంటే, అంటే 20 గ్రాముల చుట్టుపక్కల, చాలు. అరచేతంత పెద్ద బొమ్మ కడితే కూన బెదిరి వెనక్కి తగ్గుతుంది.

బొమ్మకన్నా దాన్ని కదిలించే చెయ్యి ముఖ్యం. చాలామంది బొమ్మను పిల్లి మూతి ముందు ఊపుతారు. మూతికి జానెడు దూరం లోపల ఉన్న వస్తువు పిల్లి కంటికి సరిగా ఆనదు, అక్కడ పని మీసాలది. పైగా లోకంలో ఏ ఎలుకా పిల్లి మీదికి నడుచుకుంటూ రాదు. తాడును గోడవారగా, పిల్లికి దూరంగా పోయేట్టు లాగాలి. జానెడు లాగి ఆపాలి. రెండు క్షణాలు కదలకూడదు. మళ్లీ చిన్నగా కదిలించి బీరువా మూల వెనక్కి సగం మాయం చేయాలి. పిల్లి వెనుక భాగం అటూ ఇటూ ఊగడం మొదలైందంటే దూకబోతోందని అర్థం. ఆ ఊపు వచ్చాక తాడు లాగేసి ఏడిపించడం పిల్లలకు సరదా, పిల్లికి మాత్రం నష్టం. చెవికి కూడా పని కల్పించవచ్చు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే పిల్లి చెవి 60 దాటిన ధ్వనినీ పట్టుకుంటుంది. గోనె సంచి కింద గోటితో గీకితే అది గది అవతలి నుంచి లేచి వస్తుంది.

పట్టుకున్నాక బొమ్మను లాక్కోకూడదు. అదిమి, కరిచి, వెనక కాళ్లతో తన్ని, నోట కరుచుకుని పోనివ్వాలి. ఆ వెంటనే గుప్పెడు తిండి పెడితే గొలుసు పూర్తవుతుంది. తెల్లవారుజామున, మునిమాపు వేళ పిల్లికి సహజంగానే చురుకు ఎక్కువ కనుక అప్పుడు ఐదు పది నిమిషాలు చాలు. ఒకే బొమ్మను మూడుసార్లు వెంటవెంటనే ఆడిస్తే విసుగొస్తుంది, బొమ్మ మారిస్తే ఉత్సాహం తిరిగి వస్తుంది. దీన్ని బ్రిటన్‌లో సారా హాల్, జాన్ బ్రాడ్‌షా అనే పరిశోధకులు ప్రయోగాలతో చూపించారు. ఆట అయ్యాక తాడును అందకుండా పైన పెట్టడం మరవకూడదు. మింగిన తాడు పేగులను చీరుతుంది, ఆపరేషన్ దాకా పోతుంది.

తప్పు పాఠాలు

గోడ మీద ఎర్రచుక్క వేసి పరుగెత్తించే లేజర్ ఆటలో పట్టడమంటూ ఉండదు. వెంటాడటం ఎంతసేపైనా సాగుతుంది, పంజా కిందకు ఏమీ రాదు. కొన్ని పిల్లులు ఆ తర్వాత నీడల వెంట, వెలుతురు మరకల వెంట పడుతుంటాయి. లేజర్‌తో ఆడించక తప్పదనుకుంటే చివర్లో చుక్కను గుడ్డ ఎలుక మీదికి తెచ్చి ఆపడం కాస్త మేలు. మనిషి చేతివేళ్లనే బొమ్మగా చేసి ఆడించడం రెండో తప్పు. కూనగా ఉన్నప్పుడు ముద్దొచ్చిన ఆ కొరుకుడు ఏడాది తిరిగేసరికి రక్తం కళ్లజూస్తుంది.

మూడో తప్పు భయపెట్టడం. ఎలుకల బెడద తగ్గాలని రాయలవారు పిల్లులను పంచితే, తెనాలి రామలింగడు తన పిల్లి ముందు సలసల కాగే పాలు పెట్టిన కథ తెలియనివారు ఉండరు. ఒక్కసారి మూతి కాలిన పిల్లి పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. కథ హాస్యానికి చెప్పిందే అయినా అందులోని సూత్రం గట్టిది. చిన్నప్పుడు ఒక్కసారి గట్టిగా తగిలిన దెబ్బను పిల్లి ఏళ్లపాటు మరవకపోవచ్చు. మూడు నెలల కూనను పెద్ద ఎలుకతో ఒకే గదిలో పెట్టి తలుపు వేస్తే జరిగేది అదే. ఎలుక కరుస్తుంది, ఆ కూన ఇక జన్మలో ఎలుక వంక చూడదు. బోనులో పడిన ఎలుక కాలికి తాడు కట్టి పిల్లి ముందు వదలడం కొందరికి శిక్షణలా కనిపిస్తుంది. వినోదం కోసం ఒక జంతువును బంధించి మరో జంతువుకు ఎరగా చేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం.

ఇక్కడే ఒక మెలిక. ఎక్సెటర్ అధ్యయనంలో రోజూ ఐదు పది నిమిషాలు బొమ్మతో ఆడిన పిల్లులు తెచ్చే వేట 25 శాతం తగ్గింది. ఆట వేటకు సాధన అయితే పెరగాలి కదా? కూన విషయంలో ఆట సాధన. వేట వచ్చిన పెద్ద పిల్లికి మాత్రం అది వేటకు బదులుగా దొరికే తృప్తి. కాబట్టి ఎలుకలు పట్టాలని కోరుకునే ఇల్లు ఆరు నెలల లోపు కూనను బాగా ఆడించాలి, ఆ తర్వాత రాత్రి ఎలుకలు తిరిగే వేళకు ముందు దాన్ని ఆటతో అలసిపోనివ్వకూడదు. ఎలుకల్లేని ఫ్లాట్‌లో ఉండేవారికి దీనికి తిరగేసిన సలహా పనికొస్తుంది. సాయంత్రం కడుపారా ఆడిన పిల్లి బాల్కనీలోని పిచ్చుకలను, ఉడతలను కొంతవరకు వదిలేస్తుంది.

ఏ ఎలుకతో పోరు

ఇంట్లో తిరిగేవన్నీ ఎలుకలే అనడం వాడుక. పిల్లి లెక్కలో అవి వేరువేరు. చిట్టెలుక దాని కొలతకు సరిగ్గా సరిపోయే వేట. అటక మీది నల్ల ఎలుకను అనుభవం ఉన్న పిల్లి పడుతుంది. కంపు కొట్టే చుంచు అసలు ఎలుక జాతే కాదు, పురుగులు తినే జంతువు. పిల్లి దాన్ని చంపినా సాధారణంగా తినదు. ఇక పందికొక్కు. ఆంగ్లంలో ఈ జంతువుకున్న బాండికూట్ అనే పేరు మన పందికొక్కు నుంచే వెళ్లింది. పెద్ద పందికొక్కు కిలో దాకా తూగుతుంది, మూలకు నెడితే ఎదురు తిరుగుతుంది. నాలుగు కిలోల పిల్లి దాన్ని చూసి గోడెక్కితే అది పిరికితనం కాదు, తెలివి.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో చెత్తను శుద్ధి చేసే ఒక కేంద్రంలో పరిశోధకులు 79 రోజులపాటు కెమెరాలు పెట్టి 2018లో ఫలితాలు ప్రచురించారు. 306 వీడియోల్లో పిల్లులు ఎలుకల వెంట పొంచి వెళ్లింది 20 సార్లు. చంపడానికి ప్రయత్నించింది 3 సార్లు. చచ్చినవి 2. అవి పెద్ద ఎలుకలు, సగటున 330 గ్రాములవి. పిల్లులు కనబడిన రోజుల్లో ఆ ఎలుకలు బయటికి రావడం మాత్రం తగ్గింది. అంటే చంపే పని కన్నా బెదిరించే పనే పిల్లి బాగా చేసింది. పిల్లి లాలాజలంలోని ఒక ప్రొటీన్ వాసనకే చిట్టెలుకలు బెదిరి ముడుచుకుంటాయని ప్రయోగశాలల్లో తేలింది. బియ్యం బస్తా పక్కన పిల్లి పడుకునే గుడ్డ వేసి ఉంచడం వెనుక ఉన్న అర్థం ఇదే కావచ్చు.

పొలంలో ఎలుకల సంగతికి ఈ ప్రాంతం ఎప్పుడూ పిల్లిని నమ్ముకోలేదు. చిత్తూరు, నెల్లూరు పల్లెల్లో ఆ పని యానాదులది. కుండలో గడ్డి రాజేసి, బొరియ నోట పెట్టి పొగ ఊది, రెండో దారిన బయటికి వచ్చే ఎలుకను పట్టడం వారి తరతరాల విద్య. బొరియలో దాచిన ధాన్యం కూడా వారికే దక్కేది. పిల్లికి అప్పగించింది అటక, ధాన్యం గది మాత్రమే. ఆ పని విభజన ఇప్పటికీ సబబే. చిట్టెలుక మూడు వారాల్లో ఐదారు పిల్లలను ఈనుతుంది, ఆ పిల్లలు ఆరు వారాలకే ఈడుకు వస్తాయి. పెన్సిల్ పట్టేంత సందు ఉంటే లోపలికి దూరుతుంది. ఆ సందు సిమెంటుతో మూయకుండా పిల్లి మీద భారం వేస్తే ఎంత చదివిన పిల్లి అయినా లెక్కలో ఓడిపోతుంది.

పట్టిన తర్వాత

వేట నేర్చిన పిల్లికి అసలు గండం ఎలుకల మందు. బ్రోమాడియోలోన్ అనే రకం మందు తిన్న ఎలుక అక్కడికక్కడ చావదు. రక్తం గడ్డకట్టే శక్తి పోయి కొన్ని రోజులు మందకొడిగా, పట్టపగలు తిరుగుతుంది. నెమ్మదిగా, తడబడుతూ కదిలే ఎలుక పిల్లికి అన్నిటికన్నా తేలికైన వేట. గుడ్డ ఎలుకతో నేర్పిన గురి సరిగ్గా అక్కడే పనిచేస్తుంది. అలాంటివి పదే పదే తింటే విషం పిల్లిలోకి చేరుతుంది. చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచో మూత్రంలోనో రక్తం కనబడటం దాని గుర్తులు. విటమిన్ కె1తో చికిత్స ఉంది, ఆలస్యం చేయకపోతే. జింక్ ఫాస్ఫైడ్ అనే మరో రకం ఎలుకల మందుకు అలాంటి విరుగుడు కూడా లేదు. 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న తిరుపతిలో వైద్యం దూరం కాదు గానీ, పక్కింట్లో మందు పెట్టారని తెలిస్తే ఆ వారం పిల్లిని తలుపులు వేసి లోపలే ఉంచడం అంతకన్నా తేలిక. జిగురు అట్టలు పెట్టిన గదిలోకి కూనను పోనివ్వకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఎలుకను తిన్న పిల్లికి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకవచ్చు. తొలిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలు దాని మలంలో ఆ జీవి గుడ్లలాంటివి బయటపడతాయి. అవి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి ఇసుక తొట్టిని రోజూ శుభ్రం చేస్తే ముప్పు చాలా తగ్గుతుంది. గర్భిణి ఉన్న ఇంట్లో ఆ పని ఇంకొకరు చేయాలి. బద్దెపురుగుల మందు, రేబిస్ టీకా వేటకు పోయే పిల్లికి తప్పనిసరి.

పట్టిన ఎలుకను తెచ్చి పడకగది గుమ్మంలో పెట్టే పిల్లిని చీపురుతో తరిమే ఇళ్లే ఎక్కువ. అది కానుక ఇస్తోందని మురిసిపోయేవారూ ఉన్నారు. తనకు భద్రంగా అనిపించే చోటికి వేటను మోసుకురావడం దాని అలవాటు, అంతకుమించి అర్థం వెతకనక్కరలేదు. తిడితే మాత్రం తర్వాతి ఎలుకను మంచం కిందకు తీసుకుపోతుంది, వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, ఎలుకను అందులోకే తిరగేసి మూతి కట్టి, పిల్లి చూడకుండా తీసేసి, గిన్నెలో దాని తిండి పెడితే సరిపోతుంది.